శశికళక్కకు స్పేస్‌సూట్ దండుగ!

అంతరిక్షంల నడిచెటోళ్ళకు ఏండ్లకేండ్లు ట్రెయినింగ్ ఎందుకయ్యా? స్టేషన్ ఘన్‌పూర్ దాటినంక బస్సెక్కి మా కండక్టర్ శశికళక్కను చూడుర్రి!

పొద్దుగాల టికెట్ మిషన్ మెడకేసుకుంటే పొద్దుగూకేదాక అక్క గుక్కెడు నీళ్ళు తాగదు. నాలుక పిడచకట్టుకపోతే సీసా మూత తీసి పెదాలు తడుపుకుంటది, మూత పెడుతది. గంతే! ఇగ బరువు లేకుండ తేలుడంటరా? పెండ్లిళ్ళ ముహూర్తం నాడు ఆ బస్సుల ఎవరి కాళ్ళు నేలకు ఆనినయి? డ్రైవర్ వెంకన్న బ్రేకేస్తే ఒక అవ్వ గాల్లనే ముందుకు పోయింది, గాల్లనే టికెట్ తీసుకున్నది!

మొన్న నడుము నొప్పి లేసి అక్క దవాఖానకు పోయింది. "కిడ్నీల రాయున్నదమ్మా. రోజుకు మూడు లీటర్లు తాగాలె, లేకుంటే ఆపరేషనే" అన్నడు డాక్టర్. అక్క గుండె గుభేలుమన్నది. ఆపరేషన్‌కు కాదు, మూడు లీటర్లకు!

ఎందుకంటరా? ఆఖరి స్టాపు కాడ ఆడోళ్ళకు బాత్రూం కట్టిన్రు. తెల్లటి టైల్స్, నీలం తలుపు, దానికి అడ్డంగ ఎర్ర రిబ్బన్! పెద్దసారు వచ్చి కత్తెర పట్టేదాక తాళం తియ్యరాదట. సారుకు తీరిక దొరకక రెండేండ్లయింది. రిబ్బన్ ఎండకు వెలిసింది, తాళం తుప్పు పట్టింది, శిలాఫలకం మీద తేదీ రెండుసార్లు మార్చిన్రు. అంత మర్యాద ఏ రాకెట్‌కు దక్కిందో చెప్పుర్రి!

ఆ రోజు ఇంటికొస్తే బిడ్డ భావన ఫోన్ల అంతరిక్షంల నడిచెటోళ్ళ వీడియో ఒకటి చూపెట్టింది. "సూట్ లోపలనే నీళ్ళ సంచి ఉంటదమ్మా. నోటి కాడికే పైపు. ఏడెనిమిది గంటలు బయట పనిచేసినా జర తల వంచి పీల్చుకుంటరు. తిండి మాత్రం ముందే తిని పోతరు."

"గట్ల తాగితే, మరి...?" అక్క ఆత్రంగ అడిగింది.

"డైపర్ గూడ ఇస్తరు."

"ఎంత మంచోళ్ళే బిడ్డా! నీళ్ళిచ్చినోళ్ళే గా సంగతి గూడ యాది పెట్టుకున్నరు" అన్నది అక్క. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఒంట్లె గా నీళ్ళన్న మిగిలినయి, సంతోషం!

కాబట్టి సార్లూ, మా అక్కకు స్పేస్‌సూట్ దండుగ. సంచి వద్దు, సీసా ఉన్నది. పైపు వద్దు, నోరున్నది. రిబ్బన్ తెగేదాక, బిడ్డ చెప్పిన ఆ ఆఖరుది ఒక్కటి ఇప్పించుర్రి, చాలు.

అది పంచేటందుకు మాత్రం ఓపెనింగ్ పెట్టకుర్రి, మీకు దండం!