సాధారణ శ్రేణి సూర్యభాస్కరం

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకి, కొబ్బరిపేట మునిసిపల్ ఆఫీసులో జనన మరణాల సీటు చూసే సీనియర్ అసిస్టెంటు కొప్పిశెట్టి సూర్యభాస్కరం, కూర్చున్నవాడు కూర్చున్నట్టే అగ్నిదుర్గం ఆటలో కార్డుగా మారిపోయాడు. అప్పటికింకా టీ రాలేదు. వచ్చాక అటెండరు గ్లాసు బల్ల మీద పెట్టబోయి, కార్డు తడిసిపోతుందేమోనని ఆలోచించి, ఆ టీ తనే తాగేశాడు.

ఇందులో నోరు వెళ్ళబెట్టాల్సిందేమీ లేదు. అగ్నిదుర్గం పిచ్చి కొబ్బరిపేటని పట్టుకుని రెండేళ్ళయింది. మస్తాను ఫ్యాన్సీ షాపులో వెండి కాగితం పొట్లం కొంటే అందులో ఏడు కార్డులుంటాయి. డ్రాగన్లు, మాంత్రికులు, కత్తి దూసిన రాణులు, మూడు తలల తోడేళ్ళు. ప్లీడర్లూ, కాంట్రాక్టర్లూ, కాలేజీ లెక్చరర్లూ పొద్దున్నే షాపు ముందు నిలబడి పొట్లాలు చింపి, మంచు డ్రాగన్ ఇస్తే పిశాచ సేనాని ఇస్తానని బేరాలాడుకుంటారు. ఊరంతా అంత ధ్యాస పెట్టి కార్డుల్నే చూస్తుంటే నెలకి కొందరు కార్డులైపోవడం సహజమే కదా. ఆ నెలలో సూర్యభాస్కరం పధ్నాలుగోవాడు.

ప్రభుత్వం కూడా ఊరుకోలేదు. సర్క్యులర్ ఇచ్చింది. కార్డుగా మారిన ఉద్యోగులను మడత పెట్టరాదు, తడపరాదు, గుండుసూది గుచ్చరాదు, వారిని విధులలో ఉన్నట్టే పరిగణించవలెను అని అందులో ఉంది. కాబట్టి హాజరు పట్టీలో సూర్యభాస్కరానికి ఆ రోజు హాజరు పడింది. సోమవారం మనిషిగా ఆయన చేసిన పనికీ, మంగళవారం కార్డుగా చేసిన పనికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగి ఉంటే ఆఫీసుకి కాస్త ఇబ్బందిగానే ఉండేది. ఎవరూ అడగలేదు.

ఒంటిగంటం పావుకి ఆయన భార్య మంగతాయారు క్యారేజీ పట్టుకుని వచ్చేసరికి సూర్యభాస్కరం కుర్చీలో లేడు. సూపరింటెండెంటు రామభద్రరాజుగారి చేతిలో, పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లో ఉన్నాడు. రాజుగారు అగ్నిదుర్గంలో ఆరితేరిన మనిషి. ఆయన బీరువాలో ఫైళ్ళు ఒక అర, కార్డులు మూడు అరలు.

"అన్నయ్యగారూ, మావారిని ఇటిచ్చెయ్యండి. ఇంటికి తీసుకెళ్తాను," అంది మంగతాయారు.

రాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇవ్వకూడదని కాదు చెల్లెమ్మా. నాకేం సరదానా చెప్పు? కానీ కవరెక్కిన ముక్క అడిగితే రాదు. మార్పిడికి రావాలి, లేదంటే ఆటలో గెల్చుకోవాలి. ఆట పుస్తకంలో పధ్నాలుగో రూలు."

"మరి కవర్లో ఎవరు పెట్టమన్నారండీ?"

"దుమ్ము పడుద్దని నేనే పెట్టాను. మనోడు కదా అని."

మార్పిడికి ఏం కావాలో అడిగింది. స్వర్ణ గండభేరుండం కావాలన్నారు. ఆ కార్డు జిల్లా మొత్తంలో ఎవరి దగ్గరా లేదు. కనీసం ఒకసారి చూడనివ్వమంటే రాజుగారు కవరు ఆమె వైపు తిప్పారు. బొమ్మ బాగానే కుదిరింది. చెవిలో పెన్సిలు, నుదుటి మీదికి తోసిన కళ్ళజోడు, వెనక అగ్నిపర్వతంలా పొగలు కక్కుతున్న ఫైళ్ళ గుట్ట. కింద వివరాలు: దాడి సున్నా. రక్షణ తొమ్మిది వందలు. విశేష శక్తి 'రేపు రండి': ఎదుటివారి దాడి ఎంతటిదైనను మరుసటి వంతుకు వాయిదా పడును, ఈ శక్తిని ఎన్నిసార్లైనను వాడవచ్చును. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో, శ్రేణి: సాధారణం.

ఆ ఆఖరి మాట చూసి మంగతాయారుకి కడుపు మండింది. ఇరవై రెండేళ్ళు సర్వీసు చేసిన మనిషిని పట్టుకుని సాధారణం అంటారా? కనీసం 'అరుదు' అన్నా వెయ్యొద్దూ? క్యారేజీ అక్కడే పెట్టి, మళ్ళీ తీసుకుని, ఇంటికొచ్చేసింది. ఆ సాయంత్రం ఇంట్లో పేపరు పైకి చదివేవాళ్ళు లేరు. పప్పులో ఉప్పు చాలలేదని అనేవాళ్ళు లేరు. ఉప్పు నిజంగానే చాలలేదు. మంగతాయారు ఏడ్చింది.

వారం తిరక్కుండా రాజుగారు ఊళ్ళో అందర్నీ ఓడించేశారు. ఆటలో ప్రతి కార్డుకీ కొన్ని ఓపిక చుక్కలుంటాయి, వేచి ఉన్న వంతుకొక చుక్క తగ్గుతుంది. చుక్కలన్నీ అయిపోతే కార్డు పక్కకి వెళ్ళిపోవాలి. అవతలివాడు నిప్పులు కక్కే డ్రాగన్ని దించుతాడు, రాజుగారు సూర్యభాస్కరాన్ని పైకెత్తి చూపిస్తారు, డ్రాగన్ రేపటికి వాయిదా పడుతుంది. మళ్ళీ వంతు, మళ్ళీ వాయిదా. డ్రాగన్లకి ఓపిక మూడు చుక్కలే. మహారాజులకి ఒకటే. ఎంతటి వీరుడైనా మూడుసార్లు తిరిగేసరికి దండం పెట్టి పోయేవాడు. గవర్నమెంటు ప్లీడరుగారి యాభై కార్డుల సైన్యం ఒక్క దెబ్బా కొట్టకుండానే ఇంటిదారి పట్టింది. ఇదేం ఆటండీ బాబూ అని ఆయన తల పట్టుకున్నారు.

మంగతాయారు రోజూ ఆఫీసుకి వచ్చి, కవర్లో ఉన్న మొగుణ్ణి దూరం నుంచే చూసుకుని, వరండాలో బెంచీ మీద కాసేపు కూర్చుని వెళ్ళేది. ఆ బెంచీ మీద పళ్ళాలమ్మ అనే ముసలావిడ ఉండేది. మొగుడి మరణ ధ్రువపత్రం కోసం మూడేళ్ళుగా వస్తోంది. మంగతాయారు ఆ సీటాయన భార్య అని తెలిసినా ఆవిడ ముఖం మాడ్చుకోలేదు.

"మీ ఆయనకి నేనంటే బయ్యం తల్లీ," అంది ఓ రోజు, తమలపాకు ఈనె తీస్తూ.

"మీరంటే భయమేంటండీ?"

"మరి? రేపు రమ్మంటే వచ్చేత్తాను గదా. మిగతా ఓళ్ళు రెండుసార్లు తిరిగి మానేత్తారు. నేను మానను. నన్ను సూడగానే ఆ బాబు కళ్ళజోడు ఎతుక్కునేవోడు. అది నుదుటి మీదే ఉండేది."

మంగతాయారు గబుక్కున లేచి నిలబడింది. తిన్నగా మస్తాను షాపుకి వెళ్ళి, "తమ్ముడూ, రేపు రమ్మంటే మళ్ళీ వచ్చే కార్డేదన్నా ఉందా?" అని అడిగింది.

మస్తాను బుర్ర గోక్కున్నాడు. తర్వాత షాపు ముందున్న కాలవ వైపు చూపించాడు. దరఖాస్తుదారు అనే కార్డు పొట్లానికొకటి తప్పకుండా వస్తుంది, కొన్నవాడు కొన్నట్టే దాన్ని విసిరేస్తాడు. చంకలో కాగితాల సంచి పెట్టుకున్న మామూలు మనిషి బొమ్మ. ఊళ్ళో సగం టీ బల్లలు ఊగకుండా ఉన్నాయంటే కాళ్ళ కింద ఈ కార్డు మడిచి పెట్టబట్టే. దాడి: ఫలించినచో ఎదుటివారు ఒక సంతకము చేయవలెను. అంతే. ఓపిక అన్నచోట మాత్రం ఎనిమిది అంకె అడ్డంగా పడుకుని ఉంది.

"అది అచ్చు తప్పండి. ఎనిమిదే అనుకుంటన్నారందరూ," అన్నాడు మస్తాను. అయినా రూల్సు పుస్తకం తీసి, వెనక పేజీలో గుర్తుల పట్టిక మీద వేలు పెట్టి చదివాడు. చదివి, గొంతు తగ్గించి, "దీనికి అంతు లేదని అర్థమంటండీ," అన్నాడు.

మంగతాయారు మూడు రోజులు టీ దుకాణాలన్నీ తిరిగింది. బల్ల కాలు ఎత్తి, కార్డు తీసి, బదులుగా అట్టముక్క పెట్టింది. కాలవలో దొరికినవి కడిగి, పెరట్లో తీగ మీద ఆరేసి, ఇస్త్రీ చేసింది. అలా నలభై మంది దరఖాస్తుదారులు పోగయ్యారు. ఆట మస్తాను షాపు మెట్ల మీదే నేర్చుకుంది. ఆ కార్డులతో నేర్చుకోవాల్సింది కూడా పెద్దగా లేదు.

ఆదివారం పొద్దున్న పది గంటలకి మునిసిపల్ కల్యాణ మండపంలో ఆట మొదలైంది. మధ్యవర్తి మస్తాను. మంగతాయారు గెలిస్తే సూర్యభాస్కరాన్ని ఇచ్చెయ్యాలి. ఓడితే మళ్ళీ అడక్కూడదు. ఆట ముగియకుండా కుర్చీ లోంచి లేచి సంచి చేతపట్టినవాళ్ళు ఆట వదులుకున్నట్టేనని మస్తాను రూలు చదివి వినిపించాడు. ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది.

మంగతాయారు మొదటి దరఖాస్తుదారుని దించింది. రాజుగారు చిరునవ్వుతో సూర్యభాస్కరాన్ని ఎత్తారు. రేపు రండి.

"సరేనండి," అని మంగతాయారు రెండోవాణ్ణి దించింది. మొదటివాడు కూడా వెనక్కి పోలేదు. ఇద్దరూ నిలబడ్డారు. రేపు రండి. "సరేనండి." మూడోవాడు వచ్చాడు. పన్నెండు అయ్యేసరికి బల్ల మీద వరస మెలికలు తిరిగి మంచినీళ్ళ చెంబు దాకా వెళ్ళింది. విశేష శక్తి వాడిన వంతులో దాడి చెయ్యకూడదు కాబట్టి రాజుగారి డ్రాగన్లు పని లేక కూర్చుని, ఓపిక చుక్కలు అయిపోయి, ఒకటొకటే పక్కకి వెళ్ళిపోయాయి. జనం గుసగుసలు మొదలెట్టారు.

నిజానికి రాజుగారు చెయ్యాల్సిందల్లా ఒక్క సంతకం. ఒక్క దరఖాస్తు మీద సంతకం పెట్టేస్తే ఆయన కోటలో వెయ్యి ఇటుకలకి ఒక ఇటుక పోతుంది, తర్వాతి వంతులో చేతిలో మిగిలిన డ్రాగన్ని వదిలితే వరస మొత్తం బూడిదవుతుంది. ప్లీడరుగారు ఉండబట్టలేక, "పెట్టెయ్యండి రాజుగారూ, ఒక్క సంతకమే కదా!" అని అరిచేశారు కూడా.

రాజుగారు ఆయన వైపు చాలా బాధగా చూశారు. "అలా ఎలా పెట్టేస్తామండీ? ఇవాళ ఒకడికి పెడితే రేపు అందరూ అడుగుతారు," అన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆయన చేతికి ఆ అలవాటు లేదు. పెన్ను తీశారు, మూత తిప్పారు, మళ్ళీ మూత పెట్టేశారు.

మూడైంది. నాలుగైంది. మంగతాయారుకి నడుం లాగేస్తోంది, కళ్ళు మండుతున్నాయి. ఓడిపోతే ఈ మనిషి ఇక బీరువాలో డ్రాగన్ల మధ్య ఉండిపోతాడు కదా అని భయంగా ఉంది. అయినా ప్రతిసారీ "సరేనండి" అంటూనే ఉంది. ముప్పై తొమ్మిదో దరఖాస్తుదారు వచ్చి వరస చివర నిలబడ్డాడు. ఆమె చేతిలో ఇంకొక్కటే మిగిలింది. అది కూడా అయిపోతే దించడానికి కార్డు లేక ఆమె ఓడిపోతుంది.

సరిగ్గా అప్పుడు మండపం గోడ గడియారం ఐదు కొట్టింది.

రాజుగారు కార్డులు నీటుగా సర్ది బల్ల మీద పెట్టారు. కళ్ళజోడు పెట్టెలో పెట్టారు. లేచి నిలబడి, కుర్చీ వెనక తగిలించిన సంచి భుజానికేసుకుని, "ఇక రేపు చూద్దాం," అని గుమ్మం దాకా నడిచారు. అక్కడ ఆగారు. ఇవాళ ఆదివారమనీ, తను ఆఫీసులో లేననీ అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగేసరికి మస్తాను ఈల ఊదేశాడు.

మండపం దద్దరిల్లిపోయింది. ప్లీడరుగారు కుర్చీ ఎక్కి ఈలలు వేశారు. పళ్ళాలమ్మ మంగతాయారు బుగ్గలు పుణికి ముద్దు పెట్టుకుంది. రాజుగారు కూడా మంచి మనిషే, "బాగా ఆడావమ్మా" అని కవరుతో సహా సూర్యభాస్కరాన్ని చేతిలో పెట్టేశారు. మంగతాయారు మొగుణ్ణి చీర చెంగుతో తుడిచి, కళ్ళకద్దుకుని, ఆనందం పట్టలేక అందరి ముందూ బావురుమంది.

మర్నాడు ఉదయం ఆయన్ని మళ్ళీ మనిషిని చేయించడానికి ఆఫీసుకి తీసుకెళ్ళింది. పద్ధతి సర్క్యులర్లోనే ఉంది, తేలికే. సదరు వ్యక్తి బతికే ఉన్నట్టు ధ్రువపత్రం తెచ్చి కార్డు మీద ఆనిస్తే చాలు, మనిషైపోతాడు. ధ్రువపత్రం ఇవ్వాల్సింది జనన మరణాల సీటు.

"ఆ సీటు ఇప్పుడెవరు చూస్తున్నారండీ?" అని అడిగింది.

"మీవారేనమ్మా," అన్నారు రాజుగారు. "సెలవు పెట్టలేదు కదా. విధుల్లో ఉన్న మనిషి సీటు ఇంకొకళ్ళకి ఇవ్వకూడదు."

మంగతాయారు వెళ్ళి మొగుణ్ణి ఆయన కుర్చీ ముందు, బల్ల మీద, పెన్నుల డబ్బాకి ఆనించి నిలబెట్టింది. దరఖాస్తు నింపింది. పేరు, వయసు, బంధుత్వం. రెండు నకళ్ళు జత చేసి ఆయన ముందు పెట్టింది. కార్డు మీద విశేష శక్తి అక్షరాలు మెల్లగా ఎర్రగా వెలిగాయి.

"ఏవండీ, నేనండీ!" అంది. "మీ గురించేనండీ!"

అక్షరాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆమెకి ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళు ఈ చేతికా క్యారేజీ కట్టింది అనుకుంది. కార్డుని నిలువునా చింపేద్దామన్నంత కోపమొచ్చింది. కార్డు చిరిగితే దరఖాస్తు మళ్ళీ మొదట్నించీ పెట్టాలని అటెండరు చెప్పాడు. మంగళవారం వచ్చింది. బుధవారం వచ్చింది. గురువారం కారం జీడిపప్పు కూడా తెచ్చింది, వేయించిన వాసనకి పాపం అక్షరాలు ఒకసారి మినుకుమన్నాయి గానీ ఆరలేదు.

ఇప్పుడు నాలుగో నెల. సాయంత్రం కార్డుని పర్సులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్తుంది, పేపరు తనే పైకి చదివి వినిపిస్తుంది, పొద్దున్నే తెచ్చి సీట్లో నిలబెట్టి వరండాలోకి వస్తుంది. బెంచీ మీద కాలక్షేపానికి లోటు లేదు. పళ్ళాలమ్మకి అగ్నిదుర్గం నేర్పింది. ఆవిడ మాంత్రికుల్ని దించిందంటే ప్లీడరుగారికి కూడా చెమటలు పడుతున్నాయి. బెంచీ చాలడం లేదని ఆఫీసువాళ్ళు రెండో బెంచీ వేయించారు, అందరూ చాలా సంతోషించారు.

నిన్న ఒక కొత్త అబ్బాయి భార్యని తీసుకుని, పుట్టిన బిడ్డకి ధ్రువపత్రం కోసం వచ్చాడు. లోపలికి వెళ్ళి, దరఖాస్తు కార్డు ముందు పెట్టి, కాసేపు చూసి, మొహం వేలాడేసుకుని బయటికొచ్చాడు. "ఎన్నాళ్ళు పడుతుందండీ? ఆయనెవరండీ అసలు, ఒక్క సంతకం పెట్టడానికి?" అన్నాడు కోపంగా.

మంగతాయారు కాస్త జరిగి అతని భార్యకి చోటిచ్చింది.

"అలా అనకు బాబూ, ఒక్క మనిషి, ఎంతని చేస్తాడు? పని ఒత్తిడి," అంది. "రేపు వచ్చెయ్యండి, అయిపోద్ది."