బీరువాలో బావమరిది

ఆదివారం మధ్యాహ్నానికల్లా స్క్రీన్ కడిగేయాలి, సాయంత్రానికి యాభై టీషర్టులు అచ్చువేసి ఈత క్లబ్బుకు అప్పజెప్పాలి. ఇదీ కొత్తగా టీషర్టుల అచ్చుపని మొదలుపెట్టిన ప్రింటరు పథకం. తప్పితే సోమవారం తొమ్మిదింటికి, బావమరిది మేనేజరుగా ఉన్న గోదాములో గుమాస్తాగా చేరతానని భార్యకు మాటిచ్చాడు. మొదటి ఆర్డరు వచ్చిన ఉత్సాహంలో మనిషి ఎలాంటి మాటైనా ఇచ్చేస్తాడు.

చిక్కల్లా కడగడం దగ్గరే ఉంది. స్క్రీన్ అంటే చట్రానికి బిగించిన సన్నటి జాలీ గుడ్డ; దాని మీద పూసిన పచ్చ మందులో అక్షరాలున్న చోటు మాత్రమే నీళ్లకు కరిగి, రంగు దిగడానికి దారివ్వాలి. కరిగేలోపు ఎండ తగిలిందా, మొత్తం గట్టిపడి ఊరుకుంటుంది. బాత్రూమును ఇదివరకే ఒకసారి పచ్చగా మార్చినందుకు అతనికి అక్కడ ప్రవేశం లేదు. అందుకని బాల్కనీలో మూలపడ్డ చెక్క బీరువాకు లోపల ప్లాస్టిక్ పట్టా కొట్టి, మందును గట్టిపరచని పసుపు బల్బు పెట్టి, అడుగున చిల్లు చేసి పైపు తగిలించాడు. నీళ్లు బయటికి రాకుండా తలుపు దగ్గర మోకాలెత్తు చెక్క అడ్డం పెట్టాడు. అన్నీ కుదిరాయి గానీ అందులో ప్రింటరు పొట్ట పట్టలేదు.

"ఇదీ ఒక పనేనా బావా? రేపట్నుంచి హాయిగా ఫ్యాను కింద కూర్చుందువుగానిలే," అంటూ చోద్యం చూడ్డానికొచ్చిన బావమరిది, సన్నగా ఉన్న పాపానికి స్క్రీన్, పిచికారీ పట్టుకుని లోపలికి వెళ్లాల్సొచ్చింది. వెలుతురు పడకుండా ప్రింటరు బయట గడియ పెట్టి, పిచికారీకి నీళ్లొచ్చే కుళాయి తిప్పాడు.

బాల్కనీ కమ్మీల్లోంచి వదిలిన పైపు ఎక్కడికి పోతుందో ఎవరూ ఆలోచించలేదు. అది కింది వాటా టీచరమ్మ ఆరేసిన తెల్ల దుప్పట్ల మీదికి పోయింది. ఆవిడ కేక విని ప్రింటరు ఇంటి వెనక మెట్ల మీదుగా కిందికి పరిగెత్తి, పైపు మూతిలో గుడ్డ కుక్కి, గండం గడిచిందని చేతులు దులుపుకున్నాడు. ఈలోగా టీచరమ్మ దుప్పటి పట్టుకుని ముందు మెట్లెక్కి పైకొచ్చింది.

"బావా! నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేశాయి!" అంది బీరువా.

గోదాము సంగతి మేడ మొత్తానికీ తెలుసు. టీచరమ్మ దుప్పటి జారవిడిచింది. "అమ్మాయ్, తొందరగా రా! ఉద్యోగం ఇష్టంలేక మీ ఆయన మీ తమ్ముణ్ని బీరువాలో పెట్టి ముంచేస్తున్నాడు!"

భార్య చేతిలో గరిటెతోనే వచ్చింది. రొప్పుతూ వచ్చిన ప్రింటరు బీరువాకు అడ్డం పడ్డాడు.

"తలుపు తియ్యకు! తీశావంటే నా కొంప మునుగుతుంది!"

"లోపల మునుగుతోంది నా తమ్ముడండీ!" అని ఆమె గడియ లాగేసింది.

అడ్డం చెక్క ఊడింది. ముందు నీళ్లొచ్చాయి. వెనక నెత్తిన స్క్రీన్‌తో, చిలకలా పచ్చగా బావమరిది వచ్చాడు. స్క్రీన్ మీద ఎండ భళ్లున పడింది. ప్రింటరుకు ఏడుపొచ్చింది, మొహమాటపడకుండా ఏడ్చాడు.

"ఏడుస్తావేంటి బావా? అక్షరాలు ఎప్పుడో బయటపడ్డాయి! పిచికారీ కొడుతుంటే ఒక్కొక్కటీ ఎంత ముద్దుగా తేలిందో! ఇంకో ఫ్రేము ఉంటే ఇటివ్వు."

ప్రింటరు కళ్లు తుడుచుకుని స్క్రీన్ ఎత్తి చూశాడు. క్లబ్బు పేరులోంచి ఎదురింటి కిటికీ స్పష్టంగా కనిపించింది.

సాయంత్రం ఆరింటికి యాభై టీషర్టులూ క్లబ్బుకు చేరాయి. టీచరమ్మ దుప్పట్లు కూడా బావమరిదే ఉతికాడు, పిచికారీతో.

సోమవారం తొమ్మిదింటికి బావాబావమరుదుల్లో ఒకరు రెండోవారి దగ్గర పనిలో చేరిన మాట నిజమే. గోదాము వాళ్లు మాత్రం కొత్త మేనేజరు కోసం వెతుక్కుంటున్నారు.