కోనాడలో లంగరేసిన కారు

గురువారం పొద్దున్న కూర్మనాథం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. విజయనగరం నుంచి గజపతినగరం వెళ్ళి, మెకానిక్ ఎర్రన్న షెడ్డులో కారుకి ఆయిలు మార్పించి, పదకొండింటికల్లా తిరిగొచ్చి వీణ పాఠం చెప్పుకోవాలి. సోమవారం ఆ కారుకి ఫిట్‌నెస్ పరీక్ష. పదిహేనేళ్ళు నిండిన బండి. పాసైతే ఇంకో అయిదేళ్ళు తిరగొచ్చు, తప్పితే తుక్కే. కారు తుక్కైతే రామతీర్థంలో ఏకాదశికి మాస్టారు వాయించడం కూడా అక్కడితో సరి. ఆయన బొబ్బిలి వీణ ఒకసారి బస్సెక్కి కుండ పగలగొట్టుకుని వచ్చింది. అప్పటినుంచి ఆ కారు వెనక సీటు తప్ప అది ఇంకేదీ ఎక్కలేదు.

ఎర్రన్న కారుని పైకెత్తి కిందకి దూరాడు. ముందు బంపరు వెనకాల కట్టి ఉన్న దిష్టి మూటని ముందుగా విప్పి, భక్తిగా గోడమేకుకి తగిలించాడు. తర్వాత స్క్రూడ్రైవరుతో ఒకచోట పొడిచాడు. అది పిడిదాకా దిగిపోయింది.

"మాస్టారూ, ఓపాలి ఇలా రండి. ముందు సబ్‌ఫ్రేము పోనాది."

"అంటే ఏమిటయ్యా?"

"ఇంజనూ, ముందు సక్రాలూ కూకునీ సట్రమండి. ఇది తెగిందంటే ఇంజను రోడ్డు మీద కూకుంటాది. ఈ మోడలుకి కొత్తది దొరకదు. ఇప్పీసి, కుళ్ళిన ముక్క కోసీసి, రేకేసి అతకాల." ఎర్రన్న వేలికంటిన తుప్పుని చూసుకున్నాడు. "ఉప్పు తినీసినాదండి. సముద్రం కాడ బండేటి?"

ఆ మాటతో మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళ కిందట ఆ కారుని ఆయన కోనాడలో చేపల వ్యాపారం చేసే గంగులు దగ్గర కొన్నారు. 'ఇంటోళ్ళు తిరగడానికే వాడినామండి' అని గంగులు చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పాడు. చేపల బుట్టలు ఎక్కించే ఉంటాడు. ఆ ఉప్పునీళ్ళు నాలుగేళ్ళు కారి కారి చట్రాన్ని తినేశాయి. ఇంత పచ్చి అబద్ధమా? సంగీతం చెప్పుకునే అమాయకుడు దొరికాడని కదా?

ఎర్రన్న ఇంజనుని గొలుసులతో దూలానికి వేలాడదీసి, చట్రాన్ని ఊడదీసేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అతను భోజనానికి వెళ్ళగానే మాస్టారు ఒక ఆటో పిలిచి, ఆ చట్రాన్ని సాక్ష్యంగా వేసుకుని, ఎవరికీ చెప్పకుండా కోనాడ బయల్దేరారు. అడగాల్సిన మాటలన్నీ దారిపొడవునా ఆటోవాడి మీద సాధన చేశారు.

తీరా చూస్తే గంగులు ఇంట్లో లేడు. వాళ్ళమ్మ అసిరమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. ముసలావిడ మీద నోరు చేసుకోవడానికి మాస్టారికి మనసొప్పలేదు. చట్రాన్ని వాకిట్లో దించేసి, "ఇది మీవాడికే ఇచ్చేశానని చెప్పండమ్మా. నాకింక వద్దు" అని గిర్రున తిరిగి ఆటో ఎక్కేశారు. దాన్ని చూసి గంగులు సిగ్గుతో చచ్చి, బాగుచేయించి పట్టుకొచ్చి కాళ్ళమీద పడతాడని ఆయన లెక్క.

ఆయనకి తెలియనిదేమంటే, గంగులు కొత్త పడవ కొన్నాడు. కొత్త పడవకి లంగరు కొనుక్కోకూడదని ఆ ఇంట్లో ఆచారం. మేలు కోరేవాళ్ళు తెచ్చిచ్చిన ఇనుమే కట్టాలి. వారం రోజులుగా అసిరమ్మ అలాంటి మంచి మనిషి కోసమే చూస్తోంది.

శుక్రవారం పొద్దున్న గంగులు రాలేదు కానీ ఎర్రన్న ఫోను వచ్చింది.

"మాస్టారూ, మీ సట్రం దొంగలెత్తుకుపోనారు. పక్కన తుక్కు కొట్టు ధనరాజుని పట్టుకున్నాను. ఆడు కాదన్నాడు. ఇద్దరం కొట్టుకున్నాం. ఇప్పుడు పోలీస్ టేసన్లో కూకున్నాం."

"అది నేనే తీసుకెళ్ళాను ఎర్రన్నా."

 అటునుంచి ధనరాజు గొంతు వినిపించింది, మాస్టారికి అలవాటులేని భాషలో. ఎర్రన్న మళ్ళీ ఫోను అందుకుని, "రేపు మాపటికి సట్రం నా షెడ్డుకి రావాల. ఇంజను బరువుకి దూలం ఒంగిపోతన్నాది" అని పెట్టేశాడు.

మాస్టారు వెంటనే గంగులుకి ఫోను చేశారు. తిట్టడానికి గొంతు సవరించుకునేలోపే గంగులు అందుకున్నాడు. "మాస్టారూ, మీది పెద్ద మనసండి. మా యమ్మ పసుపూ కుంకం ఎట్టి, మోకు కట్టీసినాది. తెల్లారగట్ల పడవెల్లిపోనాది. ఈపాటికి మీ పేరు సెప్పుకుని లంగరేసుంటారు."

"లంగరా? ఎక్కడ వేస్తారు?"

"సముద్రంలోనండి. లంగరింకెక్కడేస్తారు?"

ఉప్పు తిన్న చట్రం మళ్ళీ ఉప్పునీళ్ళలోకే పోయింది. మాస్టారు దాన్ని వెనక్కిమ్మన్నారు. ఈసారి ఫోను అసిరమ్మ తీసుకుంది. "ఇచ్చిన లంగరు ఊరికే ఎనక్కి తీసుకుంటే పడవకి కీడు పంతులుబాబూ. అంత బరువు ఇనుము ఇచ్చిన సేత్తోనే మల్లీ ఇవ్వాల. అప్పుడట్టుకెల్లు."

అంత బరువు ఇనుము వీణ మాస్టారి ఇంట్లో ఎక్కడుంటుంది? ఆయన ఇల్లంతా వెతికి వెతికి చివరికి వీధిలో నిలబడ్డారు. ఆయన దేని వైపు చూస్తున్నారో భార్య చూడామణికి అర్థమైపోయింది.

"ఏమండీ, గేటు జోలికి వెళ్ళకండి."

"ఒక్క రెక్కే."

శనివారం పొద్దున్న గేటు రెక్క ఆటో ఎక్కింది. ఈ మనిషిని ఒంటరిగా పంపితే రెండో రెక్క కూడా పోతుందని చూడామణి కూడా ఎక్కింది. పదకొండింటికి పడవ ఒడ్డుకి చేరింది. చట్రాన్ని ఇసకలోకి దించారు. పసుపు పోయి నాచు చుట్టుకుంది. దాని సందులోంచి ఒక ఎండ్రకాయ బయటికొచ్చి, మాస్టారిని చూసి మళ్ళీ లోపలికెళ్ళిపోయింది.

అంతే, రెండు రోజులుగా దాచుకున్నదంతా మాస్టారు ఊరందరి ముందూ కక్కేశారు. మోసమన్నారు, చేపల బుట్టలన్నారు, సరస్వతీ పుత్రుల ఉసురన్నారు. గంగులు మొదట తెల్లబోయాడు. తర్వాత అతనికీ కోపం వచ్చింది.

"ఆ కార్లో ఒక్క సేపెక్కించలేదు మాస్టారూ. మా ఆడోల్లు పెల్లిల్లకెల్లిన బండి. నెలకోపాలి అడుగునంతా మంచినీల్లతో కడిగీవోన్ని. సముద్రం పక్కన బతికీవోడికి తుప్పు సంగతి తెలీదేటి? మీరెప్పుడైనా కడిగినారా?"

"కారు అడుగున కడుగుతారా ఎవరైనా?" అన్నారు మాస్టారు.

గంగులు చట్రం పక్కన గొంతుక్కూచున్నాడు. "సముద్రం గాలి తింటే రెండు పక్కలా తింటాది. ఇది ఎడం పక్కొకటే తిన్నాదేటి?" అంటూ ఆ పక్కన అట్టకట్టిన పాత గ్రీజుని గీకడం మొదలుపెట్టాడు. లోపలినుంచి సన్నటి ఇత్తడి తీగలు చుట్టలు చుట్టలుగా బయటపడ్డాయి. వాటికి నల్లగుడ్డ పీలికలు అంటుకుని ఉన్నాయి.

"ఇయ్యేటి తీగలు? మా వలలకి కట్టీవి కావు."

మాస్టారు సముద్రం వైపు తిరిగారు. చూడామణి వంగి ఒక తీగ తీసుకుని చూసింది. "మీ వీణ అనుమంద్రం తీగండీ ఇది. తెగినవి పారెయ్యకుండా దాచుకునేది ఇందుకా?"

పదకొండేళ్ళుగా ప్రతి అమావాస్యకీ గుప్పెడు కల్లుప్పు నల్లగుడ్డలో మూటగట్టి, పాత వీణతీగతో బంపరు వెనకాల చట్రానికి ఎడం పక్కన బిగిస్తూ వచ్చింది మాస్టారే. చదువుకున్నవాడు దిష్టికి భయపడుతున్నాడని నలుగురూ నవ్వుతారని కనపడకుండా అక్కడ కట్టేవారు. ఒక మూట కరిగి కారిపోయేసరికి ఇంకో అమావాస్య వచ్చేది. ఆయనకి ఆ క్షణాన ఇసకలో కూరుకుపోవాలనిపించింది.

నల్లగుడ్డ పీలికలు చూడగానే అవి దిష్టి మూటలని గంగులుకీ తెలిసిపోయింది. "పోన్లెండి మాస్టారూ. దిష్టైతే తగల్లేదు కదా" అన్నాడు. పడవ ఇంజన్లకి వెల్డింగు చేసే తమ్ముణ్ణి పిలిచి తనే దగ్గరుండి మంచినీళ్ళతో కడిగించి, తుప్పంతా గీకించి, కుళ్ళిన ముక్క కోయించి, మందపాటి రేకు అతికించాడు. పైన పడవలకేసే నీలం రంగు రెండు పూతలు వేయించాడు. తమ్ముడు అలవాటుకొద్దీ పసుపు రంగుతో రెండు చేపలు కూడా వేసేశాడు. "ఏకాదశికి రామతీర్థం రా గంగులూ. ముందు వరసలో కూచుందువుగాని" అన్నారు మాస్టారు. క్షమించమనడం ఆయనకి అంతవరకే చేతనయింది.

ఆదివారం ఎర్రన్న చట్రాన్ని బిగించాడు. సోమవారం ఫిట్‌నెస్ పరీక్షలో ఇనస్పెక్టరు కారు కిందకి వంగి, చేపల్ని చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. చుట్టూ సుత్తితో కొట్టి, అతుకు గట్టిగా ఉందని సంతకం పెట్టాడు. ఇంకో అయిదేళ్ళకి వీణకి సీటు దొరికింది.

బయట ఎర్రన్న దిష్టి మూట పట్టుకుని నిలబడ్డాడు. "జాగర్తగా దాసినాను మాస్టారూ. ఎడం పక్కే కట్టీమంటారా?"

మాస్టారు మూట విప్పి, చెమ్మగిల్లిన ఉప్పు వైపు చూశారు. రెండు రోజులుగా ఎవరిమీదా కోప్పడకుండా ఉండి ఆయనకి ఊపిరాడడం లేదు. "ఇలా కరిగిపోయే సరుకు అమ్మినవాణ్ణి అనాలి" అన్నారు.

వీధి గేటుకి ఇప్పటికీ ఒక రెక్కే ఉంది. కల్లుప్పు మాత్రం మాస్టారు వేరే కొట్లో కొంటున్నారు.