పిలిస్తే పలికే ప్రాణి

“అది గేటు దాటి రైలు పట్టాల మీదికి పోతే?” అంది శకుంతల.

అప్పటికి కుక్క ఇంకా బాపట్లలోనే ఉంది. తెనాలిలో వాళ్ల ఇంటికీ రైలు పట్టాలకీ మధ్య రెండు వీధులూ ఒక రైస్ మిల్లూ ఉన్నాయి. అయినా శకుంతల భయానికి ఇలాంటివేవీ అడ్డం రావు.

“పోదమ్మా. చిన్న కుక్క. నీ మోకాలి దాకా కూడా రాదు,” అంది ఫోన్లో కూతురు సంజన.

“అంత చిన్నదా? అయితే కాకులు పొడుస్తాయేమోనే!”

సంజన బాపట్లలో వ్యవసాయం డిగ్రీ చదువుతోంది. ఒక ఆదివారం సూర్యలంక బీచికి కారులో వచ్చినవాళ్లెవరో ఈ టెర్రియర్ జాతి కుక్కని ఇసకలో వదిలేసి వెళ్లిపోయారట. అది వచ్చే పోయే ప్రతి కారు వెనకాలా పరిగెత్తి, చివరికి పరిగెత్తలేక రోడ్డు పక్కన కూలబడిందట. మూగజీవాలను చేరదీసే జ్యోతిలక్ష్మి అనే ఆవిడ దాన్ని బతికించి, పెంచుకునేవాళ్ల కోసం చూస్తోంది. సంజన తండ్రికి చెప్పింది. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

“ఇంట్లో మాట్లాడటానికి ఒక ప్రాణి ఉండాలి కదమ్మా,” అన్నాడు ఫోన్లో.

ఉన్న ప్రాణి వంటింట్లో పప్పు కడుగుతూ ఆ మాట వింది. తను లెక్కలోకి రాలేదని అర్థమైంది. ఆయన లెక్కల మాస్టారే మరి.

వెంకటరాఘవయ్య హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యాడు. పిల్లలు ఆయన్ని చూపుల మాస్టారు అనేవారు. నోరు తెరవకుండా ఒక్క చూపుతో క్లాసంతటినీ కూర్చోబెట్టేవాడు. రిటైరయ్యాక ఆ చూపుకి పనిలేకుండా పోయింది. ఇంట్లో ఫ్యాన్ వైపు చూస్తే ఫ్యాన్ ఆగేది కాదు. శకుంతల వైపు చూస్తే, “కళ్లు మండుతున్నాయా? షుగర్ పెరిగిందేమో!” అనేది.

ఆ షుగరే వాళ్లిద్దరి మధ్యా మాటల్ని మింగేసింది. వేసవిలో ఒక సాయంత్రం ఆయన కూరలకని వెళ్లి చీకటి పడుతున్నా రాలేదు. ఫోను ఇంట్లోనే మర్చిపోయాడు. శకుంతల మనసులో ఆయన్ని మొదట ఆటో గుద్దింది. తర్వాత బస్సు గుద్దింది. ఏ కాలవలోనో కూడా పడ్డాడు. ఆమె రేపల్లెలో ఉన్న తమ్ముడు విజయసారథికి ఫోన్ చేసి, “మీ బావ ఇక లేరేమోరా!” అంది. ఆ కంగారులో అతనికి చివరి ‘ఏమో’ వినపడలేదు. రేపల్లె పాసింజర్ ఎక్కి దారిపొడవునా ఏడ్చుకుంటూ వచ్చాడు. పూలదండ కూడా తెచ్చాడు.

తెనాలి స్టేషన్ బయట బజ్జీల బండి దగ్గర, డాక్టర్ వద్దన్న మిరపకాయ బజ్జీని ఉల్లిపాయ ముక్కలతో సహా నోట్లో పెట్టుకుంటూ, పూలదండ పట్టుకుని ఏడుస్తున్న బావమరిదిని వెంకటరాఘవయ్యే ముందు చూశాడు. దాన్ని ఎవరో ఫోటో తీశారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో అది తెల్లారేదాకా తిరిగింది.

ఆ రోజు నుంచి ఆయన భార్యతో మాట్లాడటం మానేశాడు. తిట్టి ఉంటే శకుంతల సంతోషించేది. తిట్టలేదు. పిలిస్తే పలకడం మానేశాడు, అంతే.

ఆమె మాత్రం పిలవడం మానలేదు. వంటింటి గడపలో నిలబడి స్టీలు గ్లాసు మీద చెంచాతో టింగుమనిపించి, “ఏవండీ, కాఫీ!” అనేది. జవాబు ఉండదు. ఆమె లోపలికి వెళ్లాక వచ్చి తాగేవాడు. “ఏవండీ, టిఫిన్!” మళ్లీ అంతే. గోడవతల రాజమ్మ అది విని, “ఏంటి వదినా, అన్నయ్యగారు ఊళ్లో లేరా?” అనేది.

“ఉన్నారు. ఇంట్లో లేరు,” అనేది శకుంతల.

ఇలాంటి ఇంట్లోకి కుక్క వచ్చింది.

ముళ్లలాంటి వెంట్రుకలు, మూతికి గడ్డం, సంచీ పోగొట్టుకున్న పల్లెటూరి పెద్దమనిషిలా దిగాలు చూపు. వెంకటరాఘవయ్య దానికి వినయ్ అని పేరు పెట్టాడు. పేరును బట్టి బుద్ధి వస్తుందని ఆయన నమ్మకం. పెంచుకుంటానని సంతకం కూడా ఆయనే పెట్టాడు. దాన్ని దింపడానికి వచ్చిన జ్యోతిలక్ష్మి వెళ్తూ ఒక మాట చెప్పింది.

“దసరా సెలవుల్లో మళ్లీ వస్తానండి. పిలిస్తే రావడం ఒక్కటి నేర్పండి చాలు. మీ ఊళ్లో ఈ ఆటోల మధ్య పిలిస్తే రాని కుక్క బతకదు. రాకపోతే మాత్రం నేను తీసుకెళ్లిపోతాను, ఏమనుకోకండి.”

“ఎంతమంది మొద్దులకి ఎక్కాలు నేర్పానమ్మా నేను! ఇదెంత?” అన్నాడాయన.

పాఠాలు మొదలయ్యాయి. రోజూ పెరట్లో కుర్చీ వేసుకుని, చేతిలో పాత బెత్తం పట్టుకుని, “వినయ్! కమ్!” అనేవాడు. బెత్తం కనపడగానే కుక్క బట్టలుతికే బండ వెనక దూరేది. ఆయన చూపు ప్రయోగించేవాడు. కుక్క కళ్లు మూసుకునేది.

“వినయ్! సిట్!”

అది పడుకునేది.

అదే సమయానికి వంటింటి గడపలో గ్లాసు టింగుమనేది. “ఏవండీ, టిఫిన్!”

కుక్క బండ వెనకనుంచి బాణంలా వచ్చి, మాస్టారి కాళ్ల మధ్యనుంచి దూసుకుపోయి, గడప ముందు బుద్ధిగా కూర్చునేది. శకుంతల చిన్న ఇడ్లీ ముక్క పెట్టేది. ‘ఏవండీ’ అనే మాట వెనకాల ఎప్పుడూ తిండి ఉంటుందని ఆ నోరులేని జీవి వారం తిరక్కుండానే గ్రహించింది. నోరున్నాయనకి ఇన్నేళ్ల కాపురంలోనూ ఆ సంగతి తట్టలేదు.

మాస్టారికి ఒళ్లు మండింది. భార్యతో మాట్లాడడు కనక కుక్కతో చెప్పాడు.

“వినయ్, పాఠం జరుగుతుండగా పిలవొద్దని మీ అమ్మగారికి చెప్పు.”

“వినయ్, ఇడ్లీ చల్లారితే రాయవుతుందని మీ అయ్యగారికి చెప్పు.”

“పిలిచింది నన్నయితే, నువ్వెందుకు పోతున్నావో చెప్పు వినయ్.”

“పిలిస్తే పలికేవాళ్లే వస్తారని చెప్పమ్మా వినయ్.”

కుక్క షటిల్ ఆట చూస్తున్నట్టు తల అటూ ఇటూ తిప్పింది. ఎవరి మాటా ఎవరికీ అందించలేదు.

శకుంతలకి మొదట్లో ఆ కుక్కంటే వంద భయాలు. కరుస్తుందని భయం, కరవకపోతే జబ్బుచేసిందేమోనని భయం. కాని తను పిలవగానే ఒక ప్రాణి అన్నీ వదిలేసి పరిగెత్తుకొస్తుంటే ఏదో సర్దుకున్నట్టుండేది. పనేమీ లేకపోయినా ఒక్కోసారి గడపలోకి వచ్చి, “ఏవండీ,” అనేది మెల్లగా. వచ్చేది. “ఏం లేదులే, ఊరికే,” అని దాని గడ్డం నిమిరేది. కుక్కని మొగుణ్ణి పిలిచినట్టు పిలుచుకునే గతి పట్టిందని తనమీద తనకే నవ్వొచ్చేది. అది మంచి నవ్వు కాదు.

వానలు పడ్డాయి. పెరట్లో కుళాయి దగ్గర పాచి పట్టింది. ఒక మధ్యాహ్నం శకుంతల బిందెతో సహా జారి పడింది. చీలమండ కలుక్కుమంది.

“ఏవండీ!”

కుక్క వచ్చింది. ముఖమంతా నాకింది. ఆమె లేవకపోయేసరికి లోపలికి పరిగెత్తి, మాస్టారి పంచె అంచు పళ్లతో పట్టుకుని లాక్కొచ్చింది. ఆయన వచ్చి చూశాడు. ముఖం పాలిపోయింది. వంగి చెయ్యిచ్చి లేపాడు, భుజం పట్టుకుని కుర్చీ దాకా నడిపించాడు. ఇప్పుడైనా నోరు విప్పుతాడని శకుంతల చూసింది. నోరు విప్పాడు.

“వినయ్, పాచి ఉన్నచోట చూసుకుని నడవమని మీ అమ్మగారికి చెప్పు.”

ఆ తర్వాత నొప్పుల ఆయింట్‌మెంట్ తెచ్చి కిటికీలో పెట్టాడు. ఎక్కడ పెట్టాడో అది కూడా కుక్కకే చెప్పాడు.

శకుంతల కాలికి అది రాసుకుంటూ ఆలోచించింది. రేపు గుండె ఆగి పడిపోతే? పిలిస్తే వచ్చేది కుక్కే. పాపం దానికి నూట ఎనిమిదికి ఫోన్ చేయడం రాదు. ముఖం నాకుతూ కూర్చుంటుంది. అంతకంటే ఎక్కువ ఆశించకూడదు కాబోలు.

మర్నాటి నుంచి ఆమె పిలవడం మానేసింది.

కాఫీ చప్పుడు లేకుండా టీపాయ్ మీదికి వచ్చేది, మీగడ కట్టేది. టిఫిన్ మూతకింద చెమట పట్టేది. వెంకటరాఘవయ్య అప్పుడప్పుడూ పేపరు దించి వంటింటి వైపు చెవి పెట్టేవాడు. కుక్క అయితే గడప ముందు కూర్చుని, పళ్లెం ఎదురుగా ఉన్నా ముట్టకుండా, ఆమె నోటి వంకే చూసేది. ఏదో మరిచిపోయావు, గుర్తు చేసుకో అన్నట్టు. ఎంతకీ పిలుపు రాకపోతే చివరికి తలొంచుకుని తినేది. మళ్లీ వీధిలో కార్లు పోతుంటే గేటు దగ్గరికి పరిగెత్తడం మొదలుపెట్టింది.

“ఏంటి వదినా, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంది?” అంది రాజమ్మ.

“ఇప్పుడు ఇద్దరం ఇంట్లో లేం,” అంది శకుంతల.

దసరా సెలవులకి సంజన వచ్చింది. వెంట జ్యోతిలక్ష్మి వచ్చింది. రాజమ్మ గోడ దగ్గర స్టూలేసుకుని ఎక్కింది. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని పెరట్లో నిలబడ్డాడు.

“వినయ్! కమ్!”

కుక్క పక్కసందు గేటు దగ్గర, వెళ్లిపోతున్న ఎవరిదో కారు వంక చూస్తోంది. చెవి కూడా కదపలేదు.

“వినయ్! కమ్ హియర్! ఇదిగో బిస్కెట్!”

బిస్కెట్ కాకి ఎత్తుకుపోయింది.

ఆయన చెయ్యి అలవాటుగా బెత్తం మీదికి వెళ్లింది. కుక్క బండ వెనక దూరి వణకడం మొదలుపెట్టింది.

“బెత్తం పడేయండి మాస్టారూ,” అంది జ్యోతిలక్ష్మి గట్టిగా.

ఆయన పడేశాడు. క్లాసులో అందరి ముందూ బెంచీ ఎక్కినవాడిలా నిలబడ్డాడు.

“అమ్మా, నువ్వు పిలు!” అంది సంజన.

“సంతకం నాన్నగారిది కదమ్మా. అమ్మ ఊరెళ్తే ఎవరు పిలుస్తారు? ఆయన పిలిస్తేనే రావాలి.” జ్యోతిలక్ష్మి సంచీలోంచి తాడు తీసింది. “ఏమనుకోకండి. దీని మంచికే తీసుకెళ్తున్నాను.”

వంటింట్లో స్టూలు మీద, ఇంకా వాపు తగ్గని కాలు చాపుకుని కూర్చున్న శకుంతలకి అంతా వినపడుతోంది. ఆ మాటేదో ఆమెకి తెలుసు. ఆయనకీ తెలుసు. అనడేమో. అనకపోతే, పిలిస్తే వచ్చే ఆ ఒక్క ప్రాణీ బాపట్ల బస్సెక్కుతుంది. అందరూ వదిలేశారని మళ్లీ కార్ల వెంట పరిగెత్తుతుంది, ఏ చక్రం కిందో... కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చెప్పుల చప్పుడు వంటింటి గడప దాకా వచ్చి ఆగింది. ఆయన ఆమె వైపు చూడకుండా చెయ్యి చాపి, గట్టు మీది స్టీలు గ్లాసూ చెంచా తీసుకున్నాడు. పెరటి వైపు తిరిగాడు.

“ఏవండీ,” అన్నాడు గొణుగుతూ.

“వినపడలేదు అన్నయ్యగారూ!” అంది గోడమీంచి రాజమ్మ.

గ్లాసు టింగుమంది. ఎన్నో ఏళ్లు క్లాసుల్ని వణికించిన ఆ గొంతు, భార్య పిలిచే రాగంలోనే, వీధంతా వినపడేలా అంది.

“ఏవండీ! కాఫీ!”

పక్కింట్లోంచి రాజమ్మ మొగుడు, “ఆఁ, వస్తున్నా!” అన్నాడు. కుక్క బండ వెనకనుంచి బాణంలా వచ్చి మాస్టారి కాళ్ల దగ్గర బుద్ధిగా కూర్చుంది. సంజన పడీపడీ నవ్వింది. జ్యోతిలక్ష్మి తాడు సంచీలో పెట్టేసుకుంది.

కాని మాస్టారు గడప మీంచి కదల్లేదు. చెవులు ఎర్రబడ్డాయి. ముఖం మెల్లగా వంటింటి వైపు తిప్పాడు. కుక్క కూడా అటే చూస్తోంది.

“ఏవండీ,” అన్నాడు మళ్లీ, ఈసారి కుక్కకి కాదు.

శకుంతల జవాబు చెప్పలేదు. జవాబు రాని పిలుపుతో గడపలో నిలబడటం ఎలా ఉంటుందో వేసవి నుంచీ ఆమెకి బాగా తెలుసు. కాసేపు ఆయన్నీ తెలుసుకోనిద్దామనుకుంది. పొయ్యి మీద పాలు పొంగు దాకా వచ్చాయి. కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి స్టవ్వు ఆపింది. పొంగు అణిగిపోయింది. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు, చేతిలో ఖాళీ గ్లాసుతో.

“ఆఁ,” అంది శకుంతల చివరికి. “ఇక్కడే ఉన్నాను. కాలు నొప్పి, లేవలేను. మీరే రండి.”