ఏనుగు కూర, క్యాబేజీ కూర

ఆ ఆదివారం సబ్ ఎడిటర్ పెట్టుకున్న పని ఒక్కటే: పన్ను పీకించుకుని వాచిపోయిన బుగ్గను దిండుకు ఆనించి మధ్యాహ్నం దాకా లేవకుండా పడుకోవడం. పిన్ని పడుకోనివ్వలేదు. పొద్దున్నే వారపత్రిక పట్టుకుని మంచం దగ్గరకు వచ్చింది.

"నాన్నా, నా కళ్ళజోడు బాగుచేయడానికిచ్చాను కదా. నా పేజీ కాస్త చదివిపెట్టరా."

అతను పనిచేసే ఆ పత్రికలో వంటల పేజీ పిన్నిది. అతన్ని పెంచి పెద్దచేసింది ఆవిడే. ఏ వంటైనా ఇంట్లో రెండు మూడుసార్లు వండి చూసుకుంటే గానీ రాసేది కాదు. పేజీ అడుగున ఆవిడ ఫొటో, 'సందేహాలుంటే అడగండి' అని ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఉండేవి. ఆ ఫోనును ఆవిడ రోజూ తుడిచేది. ఇన్నేళ్ళలో వంట సందేహంతో అది ఒక్కసారీ మోగలేదు.

సబ్ ఎడిటర్ బద్ధకంగా పేజీ తిప్పాడు. అచ్చులో ఉన్నది ఇదీ:

'ఏనుగు కూర. మరీ ముదురు కాని ఏనుగును తీసుకుని, శుభ్రంగా కడిగి, కాసేపు ఆరనివ్వాలి. ఏనుగు ఒప్పుకోకపోతే మర్నాడు మళ్ళీ ప్రయత్నించాలి. తొండం వేరుగా ఉడికించాలి. ఉప్పు చూడడానికి నిచ్చెన వేసుకోవాలి. అతిథులు చెప్పాపెట్టకుండా వస్తే ఒక నీటిగుర్రాన్ని కలుపుకోవచ్చు.'

ఆఫీసులో ఒక అలవాటుంది. అసలు రచన చేతికందేదాకా పేజీలో ఆ జాగాను ఏదో ఒకదానితో నింపి ఉంచుతారు. మిగతావాళ్ళు ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ కొట్టి ఊరుకునేవారు. మనవాడికి చమత్కారం ఒక పాలు ఎక్కువ, ఏనుగును వండి పెట్టాడు. పిన్ని రాసిచ్చిన క్యాబేజీ కూర చొక్కా జేబులో ఉండగానే పన్నుపోటు అందుకుంది. చెంప పట్టుకుని డాక్టరు దగ్గరకు పరుగెత్తాడు. ఏనుగు అచ్చుకు వెళ్ళిపోయింది.

నిజం అప్పుడే చెప్పేస్తే నాలుగు తిట్లతో పోయేది. నోరు రాలేదు. క్యాబేజీ కూర మాత్రం అతనికి కంఠతా వచ్చు, వండిన ప్రతిసారీ తిన్నది అతనే కాబట్టి. ఏనుగు మీద చూపు నిలిపి క్యాబేజీని చదివేశాడు.

"బాగానే వేశారురా," అని మురిసిపోయింది పిన్ని.

అంతలో ఫోన్ మోగింది. ఆవిడ చెయ్యి తుడుచుకుని మరీ ఎత్తింది.

"మీ వంట చూశామండీ," నవ్వు ఆపుకుంటోంది అవతలి గొంతు. "మరీ ముదురుది వద్దన్నారు. ఎంతది తీసుకోవాలి?"

"చిన్నదే మంచిదమ్మా. చేత్తో ఎత్తి చూడండి, గట్టిగా ఉండాలి."

ఫోన్ పెట్టిందో లేదో ఇంకొకరు. "కోయడానికి ఎంతసేపు పడుతుందండీ?"

"ఎంతసేపమ్మా, కత్తి పదునుగా ఉంటే చిటికెలో పని!"

మూడో గొంతులో నవ్వు లేదు. అది జంతు సంరక్షణ సంఘం కార్యదర్శిది. "అసలు మీకవి ఎక్కడ దొరుకుతున్నాయి?"

"మా వీధి చివర బండి మీదండీ. ఆదివారం లేతవి వస్తాయి. త్వరగా రండి, అయిపోతాయి."

సబ్ ఎడిటర్ చెప్పేద్దామని లేచి కూర్చున్నాడు. పిన్ని మొహం వెలిగిపోతోంది. అది చూసి మాట మింగి, దుప్పటి ముసుగు తన్నాడు.

మధ్యాహ్నానికి గుమ్మంలో గోల. ముందు కూరగాయల బండాయన, పక్కన కార్యదర్శి, వెనకాల వీధిలో సగంమంది.

"ఏంటమ్మా ఇది? నా బండి కింద ఏనుగుందని వెతుకుతున్నారు! టమాటాలన్నీ రోడ్డుపాలు చేశారు!"

"ఏనుగు కూర రాసింది మీరేనా?" పత్రిక ఊపాడు కార్యదర్శి.

"క్యాబేజీ అండీ," అంది పిన్ని అయోమయంగా.

ఆయన పైకి చదివాడు. నిచ్చెన దగ్గరకు వచ్చేసరికి జనం నవ్వలేక పొట్ట పట్టుకున్నారు. పిన్ని మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. ఆ వాచిన మొహమే అన్నీ చెప్పేసింది.

"పిన్నీ, అది..." అన్నాడతను.

"నేనే రాశానండీ," ఆవిడ అడ్డుపడింది. "నలుగురూ నవ్వుకుంటారని రాశాను. ఏ ఏనుగుకీ ఏమీ కాదు, మీరు నిశ్చింతగా వెళ్ళండి."

ఎవరు రాశారో తేలితే వాడి ఉద్యోగం ఊడుతుందని ఆవిడకు తెలుసు. తానే అని ఒప్పుకుంటే తన పేజీ పోతుందనీ తెలుసు. జనం ఇంకా మెట్లు దిగకముందే ఎడిటర్ ఫోన్ చేశాడు. ఆయన గొంతు మంచం దాకా వినబడుతోంది.

"ఆఫీసుకు ఒకటే ఫోన్లమ్మా! మీలో ఇంత హాస్యముందని తెలియనే తెలియదు. ఇక ప్రతివారం ఇలాంటిదే రాయండి. వచ్చేవారం తిమింగలం వేపుడు వేద్దాం. మామూలు వంటలు ఆపేయండి, అవెవరు చదువుతారు?"

పిన్ని ఫోన్ పెట్టేసింది. అలవాటుగా కొంగుతో ఒకసారి తుడిచింది.

"పొద్దున్నుంచీ నా క్యాబేజీ గురించే అడుగుతున్నారనుకున్నానురా."

తిట్టినా బాగుండేది. అతనికి ఏడుపొచ్చింది. ఉన్న పళ్ళన్నీ పీకించుకున్నా ఇంత బాధ ఉండేది కాదు. చెప్పులేసుకుని బయటపడ్డాడు. వీధి మలుపులో నిలబడి, బుగ్గలో దూది అలాగే ఉంచుకుని, ఇంటి నంబరుకు ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ పేజీ వదలకుండా చదువుతానండీ," అన్నాడు గొంతు మార్చి. "క్యాబేజీ కూర ఎలా చేయాలో చెబుతారా?"

పిన్ని మొదలుపెట్టింది. ఎంత సన్నగా తరగాలో, ఉప్పు ఎప్పుడు వేయాలో, మూత ఎందుకు పెట్టకూడదో, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. అతను అన్నింటికీ 'అలాగేనండీ' అన్నాడు.

"ఉంటానండీ."

"ఉండు నాన్నా. వచ్చేటప్పుడు ఒక క్యాబేజీ పట్రా. ఆ బండాయనకి సారీ కూడా చెప్పు."

చెప్పాడు. దొర్లిపోయిన టమాటాలు ఏరిపెట్టాడు కూడా. క్యాబేజీ మాత్రం దొరకలేదు. ఏనుగు కోసం వచ్చినవాళ్ళు ఉత్తచేతులతో పోవడమెందుకని తలా ఒకటి కొనుక్కుపోయారట.