గేరు పళ్ళు, ప్రొపెల్లర్ రెక్కలు

ఆ ఆదివారం ఉదయం అనుకున్న పని చిన్నదే. భార్యా, భర్తా, ఆమె తమ్ముడూ ముగ్గురూ పడవలో అవతలి గట్టుకు వెళ్ళి కాఫీ తాగి రావాలి. ఇవాళ కూడా పడవ కదలకపోతే అమ్మెయ్యాల్సిందేనని ఇల్లాలు తేల్చి చెప్పింది. కొనే పెద్దమనిషి అప్పుడే వచ్చి గట్టుమీద నిలబడ్డాడు. గడియారాలు బాగుచేసే ఆమె భర్తకు ఆ పడవంటే ప్రాణం.

కథంతా ఆ పడవ ఇంజనుకు సెకండ్‌హ్యాండ్ గేర్‌బాక్సు వేసినప్పుడు మొదలైంది. అప్పట్నుంచి ఇంజను రంకెలు వేయడమే తప్ప పడవ ముందుకు పోదు. ఎందుకో తెలుసుకుంటే గాని గడియారాలాయనకు ముద్ద దిగలేదు.

"ఇంజను మూడు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఇరుసు ఒక్క చుట్టే తిరుగుతోందిరా. గేర్లు మార్చాలి" అన్నాడు.

ఫ్యాన్లు బాగుచేసే బావమరిది ఒప్పుకోలేదు. "గేర్లకేం రోగం బావా? ఇరుసు నిదానంగా తిరిగితే పెద్ద రెక్కలు పెట్టాలి. ప్రొపెల్లర్ మారుద్దాం."

ఇద్దరిదీ నిజమే. ఏదో ఒకటి చేస్తే చాలు. కానీ ఎవరి పిచ్చి వారికానందం. మాటా మాటా పెరిగి మాటలే ఆగిపోయాయి. ఒడ్డుకెక్కించిన పడవలో పొద్దున బావ గేర్లు మార్చాడు, సాయంత్రం బావమరిది పెద్ద ప్రొపెల్లర్ బిగించాడు. ఒకాయన కిందికి వంగి చూసే రకం కాదు, రెండో ఆయన లోపలికి తొంగి చూసే రకం కాదు. "వాడికి చెప్పకు" అని ఈయన, "బావకి చెప్పకక్కా" అని అతను. ఇల్లాలు ఇద్దరికీ మాటిచ్చింది.

పడవను నీళ్ళలోకి దించితే, రెండూ కలిసేసరికి ఇంజను అంత బరువు లాగలేక నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. మళ్ళీ ఒడ్డుకెక్కించారు. ఈసారి గడియారాలాయన తొలిసారి కిందికి వంగి పెద్ద రెక్కలు చూశాడు.

"ఓహో, వాడూ చేశాడన్నమాట! పాపం, ముచ్చటపడ్డాడు. నా గేర్లే తీసేసి పాతవి పెట్టేస్తాను. వాడికి చెప్పకు" అన్నాడు భార్యతో.

బావమరిది కూడా అదే పూట లోపలికి తొంగి కొత్త గేర్లు చూశాడు. "పెద్దాయన మాట ఎందుకు కాదనాలి? నా రెక్కలే విప్పేసి పాతవి బిగిస్తా. బావకి చెప్పకక్కా."

అక్క ఈసారీ మాట తప్పలేదు.

అందుకే ఆ ఆదివారం ఇద్దరూ ధీమాగా పడవెక్కారు. ఇల్లాలు ముందువైపు పడి ఉన్న కాన్వాసు మూటమీద కూర్చుంది. ఇంజను పాత రంకె పాతగానే వేసింది. పడవ మాత్రం కట్టేసినట్టే ఉంది.

"నీ రెక్కలేవిరా?"

"తీసేశా. నీ గేర్లేవి బావా?"

"నేనూ తీసేశానురా!"

గడియారాలాయనకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెద్దమనిషి గట్టుమీద పర్సు తడుముకుంటున్నాడు. "నీకన్నీ తెలుసుగా, చెప్పొచ్చు కదే!" అన్నాడు గడియారాలాయన భార్యతో.

"చెప్పొద్దన్నారుగా. అది సరేగాని, ఇన్నాళ్ళుగా నేను కూర్చుంటున్న ఈ మూటలో ఏముందండీ?"

"తెరచాప."

"అది దేనికి?"

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. తర్వాత పడవ మధ్యనున్న నిలువు కొయ్యకు ఆరేసిన నూనెగుడ్డలు తీసి తెరచాప ఎత్తారు. గాలి నిండింది. పడవ మెల్లగా గట్టు వదిలింది.

"అమ్మా, మరి మన బేరం?" అని అరిచాడు పెద్దమనిషి.

"పడవ ఇవ్వనండీ! ఇంజను కావాలంటే పట్టుకెళ్ళండి. దాంతోపాటు వీళ్ళిద్దర్నీ ఊరికే ఇస్తా!"

పెద్దమనిషి కాసేపు ఆలోచించి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.