హెచ్చుతగ్గులు లేని పాట

ఒక పెద్ద అడవిలో వానను పాట పాడి పిలిచేవాళ్ళు. ఎండలు ముదిరాక గానసమితి వాళ్ళంతా మద్దిచెట్టెక్కి, మెట్లలాంటి కొమ్మల మీద స్వరానికొకరు చొప్పున కూర్చునేవారు. అట్టడుగు కొమ్మ స, దానిపైది రి, అలా ని దాకా.

వాళ్ళలో గాడిద కూడా ఉన్నాడు. గాడిద చెట్టెక్కడమేమిటని అడక్కండి. సమితిలో చోటు దొరికాక ఎవరు ఎక్కడికైనా ఎక్కుతారు.

ని పాడేది కప్పమ్మ. ఆ పాటలో ని నిటారుగా ఉండదు. కప్పమ్మ తన కొమ్మ మీంచి కిందనున్న చిన్న రెమ్మ మీదికి అరమెట్టు జారి పాడేది. ఆ జారుడులో ఏముందో గానీ, వినేవాళ్ళ గుండె కూడా ఓ రవ్వ జారేది. కొండమీద తచ్చాడే మబ్బు, "నన్నేనా పిలిచింది?" అన్నట్టు తల వంచుకుని, మెల్లగా కిందికి దిగేది.

ఆ ఏడు కప్పమ్మ గుంటలో నీళ్ళింకిపోయి బురద మిగిలింది. బురదలో పిల్లలు తోకలు కొట్టుకుంటున్నాయి. ఆమె గెంతుకుంటూ సమితి అధ్యక్షుడు ఎలుగుబంటి దగ్గరికెళ్ళింది.

"పాట తొందరగా పెట్టించండి బాబూ, పిల్లలు ఆగేలా లేరు."

ఎలుగుబంటి ఈమధ్యే "అడవిలో హెచ్చుతగ్గులుండవు!" అని ఊరేగి గెలిచాడు. ఆయనకో సలహాదారు చిలక. పట్నంలో సంగీతం నేర్పే బడిలో పంజరంలో ఉండొచ్చింది కాబట్టి, దానికి నొటేషన్ తెలుసు.

"ముందు పాటను రాసుకోవాలి సార్," అంటూ చిలక ఇసుకలో ముక్కుతో గీసింది. "నాలుగు పుల్లలు అడ్డంగా నిలువుగా పేర్చినట్టుందే, ఇది షార్ప్. అంటే హెచ్చు. ఏ స్వరం ముందు పెడితే అది అరమెట్టు పైకి. ఈ బొజ్జున్నది ఫ్లాట్. అంటే తగ్గు. అరమెట్టు కిందికి. మన పాటలో ఉన్నది ఒక్కటే తగ్గు. అది కప్పమ్మది."

ఎలుగుబంటి ఒంటిమీది బొచ్చంతా లేచి నిలబడింది.

"తగ్గా! నా హయాంలో హెచ్చుతగ్గులా?"

"అయ్యో, ఇది ఆ హెచ్చుతగ్గు కాదు సార్…"

"ఏదైతేనేం, ఓట్లు పోయేది నావే. అందరికీ హెచ్చే ఇచ్చేద్దాం."

అలా చేస్తే ఏమవుతుందో చిలకకు తెలుసు. కానీ అధ్యక్షుడి ఇంటినుంచి రోజూ దోరజామకాయ వస్తోంది. అందుకని గొంతు సవరించుకుంది.

"అద్భుతం సార్. వరస మొదట్లో ఓసారి గుర్తులు పెట్టేస్తే చివరిదాకా అవే చెల్లుతాయి. మళ్ళీ ఎవరినీ అడగక్కర్లేదు."

"మొదట్లో ఒక్కసారి పెడితే చివరిదాకానా? అచ్చం నా పదవిలాగే!" ఎలుగుబంటి మురిసిపోయాడు.

హెచ్చులు పంచారు. స పాడే నెమలి, "నా అందానికి ఇదెప్పుడో రావాల్సింది," అంది. గొడవ గాడిద దగ్గరొచ్చింది. వాడిది గ. గ కీ మ కీ మధ్య రెమ్మ లేదు, అరమెట్టు ఎక్కితే నేరుగా మ కొమ్మే. అంతకుముందు అక్కడ కోతి ఉండేది.

"ఇదేం హెచ్చు! కోతి వదిలేసిన కొమ్మా నాకు? ఇంకా దాని తోక వెంట్రుకలున్నాయి!"

"కళ్ళకద్దుకో గాడిద బావా," అంది కోతి పైరెమ్మ మీంచి. "నేను లేవకపోతే నీకదీ లేదు."

అప్పుడు కప్పమ్మ చేతులు జోడించింది. "అయ్యా, నాకు హెచ్చొద్దు. నా తగ్గు నాకిప్పించండి."

అందరూ నోళ్ళు తెరిచారు. "తగ్గు కావాలని అడిగేవాళ్ళు కూడా ఉంటారా?" నెమలి మెడ పైకి చాచి కోతి చెవి కొరికింది.

ఎలుగుబంటి కళ్ళొత్తుకున్నాడు. "చూశారా! తరతరాలుగా తొక్కితే ఇలాంటి బుద్ధే పుడుతుంది. పాపం కప్ప! దానికి రెండు హెచ్చులివ్వండి!"

చప్పట్లు మోగాయి.

"బాబూ, మబ్బు దిగాలంటే స్వరం దిగాలి కదా. నా పిల్లలు బురదలో…"

"మీ అమ్మ చెట్టు చివరికెక్కిందని చెప్పుకో. గర్వపడతారు."

మర్నాడు పాట మొదలైంది. అందరూ అరమెట్టు పైకి లేచారు. అందరూ లేచారు కాబట్టి ఎవరూ ఎవరికంటే పైకి లేవలేదు, మెడ నరాలు మాత్రం లేచాయి. చిటారు రెమ్మ మీద వణుకుతున్న కప్పమ్మ వంతొచ్చింది. జారాల్సిన చోట గొంతు చీల్చుకుని కీచుమంది.

కొండమీదికి మబ్బు వచ్చింది. నల్లగా, నిండుగా, ప్రేమగా వచ్చింది. తల వంచి వింది. ఉలిక్కిపడి, కొంగు సర్దుకున్నట్టు అంచులు దగ్గరికి లాక్కుని, ఇంకా పైకి లేచి పక్క అడవివైపు వెళ్ళిపోయింది.

కప్పమ్మ చెట్టు దిగింది. మోదుగాకు దొన్నెలో కాస్త బురద వేసి, పట్టినన్ని పిల్లల్ని ఎత్తుకుంది. పట్టనివాటికేసి చూడలేక, మబ్బు పోయిన దిక్కుకే గెంతింది.

"దాని రెండు హెచ్చులూ ఇప్పుడెవరికి?" గాడిద అడిగాడు.

"మా బావమరిదికి," అని ఎలుగుబంటి సభవైపు తిరిగాడు. "మన పాట ఎంత ఎత్తుకెళ్ళిందో చూశారా? మబ్బుకూడా దారిచ్చి పైకి జరిగింది!"

ఎండిన నాలుకలతోనే అందరూ జేజేలు కొట్టారు.

నీతి: ఎవరూ అరమెట్టు దిగని అడవిలో వానొక్కటే దిగాలనుకోవడం చాలా అన్యాయం.